పాల్ బౌల్స్ కథలో ప్రొఫెసర్‌ని ‘ఆయన’ అనాలా, ‘అతను’ అనాలా?

మందులషాపు, పర్లాకిమిడి:

అందరికీ నమస్కారం. అనువాదాలు చేసినవాళ్ళూ, ఇంగ్లీషు కథలు బాగా చదివినవాళ్ళూ ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ప్రశ్న చిన్నదే, దాని వెనక ఉన్నదే కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మందుల షాపు నడుపుతాను. సాయంత్రం ఏడు దాటాక బేరాలు పలచబడతాయి. అప్పుడు కౌంటరు దగ్గరే కూర్చుని చదువుకుంటాను. ఈ ఏడాదంతా పాల్ బౌల్స్‌నే చదివాను. 1910లో న్యూయార్క్‌లో పుట్టిన మనిషి, మొదట సంగీతం రాసేవాడు. 1947లో మొరాకోలోని టాంజియర్ వెళ్ళి, 1999లో పోయేదాకా అక్కడే ఉండిపోయాడు. ఆయన రాసిన వాటిలో ఎక్కువగా ఎవరో ఒకరు తమది కాని దేశానికి వెళ్తారు, అక్కడి మనుషులు తమకి అర్థమయ్యారని అనుకుంటారు, ఆ నమ్మకంతోనే ఒక్కో అడుగూ లోపలికి వేస్తూ దారి తప్పుతారు.

ఆయన కథల్లో ‘ఎ డిస్టెంట్ ఎపిసోడ్’ అని 1947లో అచ్చయిన కథ ఒకటుంది. నెలకోసారి మేం ఆరుగురం తెలుగువాళ్ళం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని చదువుకుంటాం. వచ్చే ఆదివారం మా ఇంట్లో. అందులో ఇద్దరికి ఇంగ్లీషు రాదు. అందుకని ఆ కథ నా చేతనైనట్టు తెలుగులో రాసుకుంటున్నాను, మా ఆరుగురి కోసమే.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. భాషాశాస్త్రం ప్రొఫెసర్ ఒకాయన సహారా అంచున ఉన్న ఒక చిన్న ఊళ్ళో బస్సు దిగుతాడు. చూశారా, ‘ఒకాయన’ అని మొదలుపెట్టి ‘దిగుతాడు’ అన్నాను. నా ఇబ్బంది ఇదే. అక్కడి మాండలికాల్లో తేడాలు రాసుకోవడం ఆయన పని. మొఘ్రెబీ అనే అక్కడి అరబ్బీ నేర్చుకోవడానికి ఆయనకి నాలుగేళ్ళు పట్టింది. పదేళ్ళ కిందట పరిచయమైన ఒక కాఫీ హోటలు యజమానిని వెతుక్కుంటూ వెళ్ళి, ఫలానా ఆయన ఉన్నాడా అని మొఘ్రెబీలో అడుగుతాడు. హోటల్లో ఉన్న మనిషి వచ్చీరాని ఫ్రెంచిలో జవాబిస్తాడు, ఆయన పోయాడని. ఒంటె పొదుగు తోలుతో చేసే చిన్న పెట్టెలు ప్రొఫెసర్‌కి కావాలి. అవి దొరికే చోటు చూపిస్తానని ఆ రాత్రి హోటలు మనిషి ఊరి బయటికి తీసుకెళ్ళి, ఒక లోయ అంచున వదిలేసి తన దారిన తాను పోతాడు. కింద రెగీబాత్ అనే సంచార తెగవాళ్ళు ప్రొఫెసర్‌ని పట్టుకుంటారు. నాలుక కోసేస్తారు. రేకు డబ్బాల అడుగులు కోసి, దండలుగా గుచ్చి, ఒంటినిండా కట్టి, ఏడాదిపాటు గంతులు వేయిస్తారు. తర్వాత ఒక ఊళ్ళో అమ్మేస్తారు. అక్కడ గోడ మీద ఫ్రెంచి క్యాలెండరు కనిపిస్తుంది. జూన్ నెల. వారాల పేర్లు చదివేసరికి లోపల ఎక్కడో అణిగిపోయిన మాటలు కదులుతాయి. దాంతో పాటే నొప్పి కూడా లేస్తుంది. చివరికి ఆ వేషంలోనే ఎడారిలోకి పరిగెడుతుంటే ఒక ఫ్రెంచి సిపాయి, పిచ్చివాడెవడో అనుకుని ఊరికే ఒక తూటా పేలుస్తాడు.

నాలుక కోసిన చోట ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. నేను మాత్రం ఆ ఫ్రెంచి జవాబు దగ్గర ఎక్కువసేపు ఆగిపోయాను. పుస్తకం మూసేసి, షట్టరు సగం దించి కూర్చున్నాను.

ఎందుకంటే నాకు అలాంటిదే జరిగింది. మా షాపుకి గుమ్మా, సెరంగో వైపు కొండల నుంచి సవరలనే గిరిజనులు వస్తారు. పర్లాకిమిడి తెలుగువాళ్ళకి సవర భాష అనగానే గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు. ఇక్కడ బళ్ళో పాఠాలు చెబుతూనే సవర నేర్చుకున్నారు, సవర మనుషుల్ని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆ కొండల్లో తిరిగినప్పుడే మలేరియా వచ్చింది, క్వినైన్ వాడకం వల్ల చెవులు పోయాయి. క్వినైన్ మోతాదు ఎక్కువైతే చెవుల్లో గుయ్యిమనే హోరు మొదలవుతుందని, వినికిడే పోవచ్చని మా వృత్తిలో ఉన్నవాళ్ళకి తెలుసు. ఒక భాష కోసం వెళ్ళి వినికిడి పోగొట్టుకున్న మనిషి నడిచిన వీధుల్లోనే నేనూ పెరిగాను. బౌల్స్ ప్రొఫెసర్ నాలుక పోగొట్టుకున్నాడు. కథ చదువుతున్నంతసేపూ వీళ్ళిద్దరూ నా కళ్ళ ముందు పక్కపక్కనే ఉన్నారు.

గిడుగు వారి పుస్తకం జెరాక్సు తెచ్చుకుని రెండేళ్ళు కూర్చుని నేర్చుకున్నాను. ఒకరోజు సంతలో అనాసపళ్ళు పెట్టుకుని కూర్చున్న ఒక సవర పెద్దాయన దగ్గరికి వెళ్ళి, ధర ఎంతని సవరలో అడిగాను. ముందు రోజు రాత్రి ఆ ఒక్క వాక్యం ఇరవై సార్లు చెప్పుకుని ఉంటాను. ఆయన నా వైపు చూశాడు. పళ్ళ వైపు చూశాడు. ఒడియాలో ధర చెప్పాడు. అంతే. అంతకుమించి ఒక్క మాట లేదు. నాలుగు పళ్ళు కొనుక్కుని వచ్చేశాను.

ఇక ప్రశ్న. ఇంగ్లీషులో ప్రొఫెసర్ మొదటి నుంచి చివరిదాకా ‘హీ’. తెలుగులో ఆ వీలు లేదు. నా చిత్తుప్రతిలో మొదట ‘ఆయన వెళ్ళారు’ అని రాశాను. లోయలోకి దిగాక ‘అతను వెళ్ళాడు’ అయింది. నాలుక కోశాక, డబ్బాలు కట్టాక, నాకు తెలియకుండానే ‘వాడు’ వచ్చేసింది. ఇలా మెట్లు దించుకుంటూ పోవడం సరైనదా? లేక ఒకటే పెట్టుకోవాలా? పెట్టుకుంటే ఏది? ఇంకొకటి: ఆ ‘వచ్చీరాని ఫ్రెంచి’ తెలుగులో వినిపించేదెలా? వచ్చీరాని హిందీలా రాద్దామా అనుకున్నాను, మనసొప్పలేదు.

---

రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్, బరంపురం:

బాబూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మంచి ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ‘అతను’ పెట్టండి. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా. మెట్లు దించడం వద్దు. ఎందుకంటే బౌల్స్ ఎక్కడా మెట్లు దించలేదు. కథ చెప్పే గొంతు మొదటి పేజీలో సూర్యాస్తమయాన్ని ఎంత చల్లగా చెప్పిందో, నాలుక కోయడాన్నీ అంతే చల్లగా చెప్తుంది. అయ్యో అనదు, తగిన శాస్తి జరిగిందనీ అనదు. ఈ కథ బలమంతా అందులోనే ఉంది. మీరు ‘ఆయన’ నుంచి ‘వాడు’కి దిగితే, ఆ మనిషి పడిపోయాడని మీరే తీర్పు చెప్పినట్టు. ఆ తీర్పు పాఠకుడు ఇచ్చుకోవాలి.

ఫ్రెంచి సంగతి. అది కేవలం పరాయి భాష కాదండి. కథ జరిగేది ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఎడారిలో. మొరాకోకి 1956లో, అల్జీరియాకి 1962లో గానీ స్వాతంత్ర్యం రాలేదు. అంటే హోటలు మనిషి జవాబిచ్చింది సర్కారు భాషలో. ‘నువ్వు నా భాషలో మాట్లాడినా నువ్వు ఎవరివో నాకు తెలుసు, నీకు ఈ భాషే చాలు’ అన్నట్టు. మీ సవర పెద్దాయన ఒడియాలో ధర చెప్పడం కూడా అదే. కచేరీ భాష, రేషను కార్డు భాష. కాబట్టి హిందీలోకి మార్చకండి. ‘వచ్చీరాని ఫ్రెంచిలో అన్నాడు’ అని ఉన్నదున్నట్టు రాసి వదిలేయండి. ఫ్రెంచివాళ్ళు అక్కడ ఏం చేస్తున్నారో చదివే ముందు మీ మిత్రులకి రెండు ముక్కల్లో చెప్పండి, సరిపోతుంది.

ఒక్కచోట మాత్రం మీతో ఏకీభవించలేను. గిడుగు వారినీ ఆ ప్రొఫెసర్‌నీ పక్కపక్కన నిలబెట్టారు. ప్రొఫెసర్ ఆ ఊళ్ళో అంతకుముందు ఉన్నది మూడంటే మూడు రోజులు. దాన్ని పట్టుకుని ఊరు తనకి తెలుసనుకున్నాడు. చేతిలో డబ్బులున్నాయి కాబట్టి కుతూహలం కొద్దీ రాత్రిపూట ఆ లోయలోకి దిగాడు. గిడుగు వారు దశాబ్దాలు పని చేశారు, సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బళ్ళు పెట్టారు. పోలిక కుదరదు. పోల్చాలనుకుంటే కొండకి వెళ్ళిన మిగతా మనవాళ్ళతో పోల్చండి. చింతపండు కోసం వెళ్ళినవాళ్ళు, అప్పులిచ్చి పంట రాయించుకున్నవాళ్ళు. వాళ్ళకీ సవర వచ్చు. బేరానికి సరిపడా వచ్చు. మన తాతల కాలం సంగతే చెప్తున్నాను. ఆ పెద్దాయన మీ ముఖంలో గిడుగు వారిని చూస్తాడా, ఆ వ్యాపారిని చూస్తాడా?

బౌల్స్ గురించి ఇంకో మాట. ఆయన్ని ఈ ఒక్క కథతో కొలవకండి. 1955లో వచ్చిన ‘ది స్పైడర్స్ హౌస్’ చదవండి. ఫెజ్ నగరంలో ఫ్రెంచివాళ్ళ మీద తిరుగుబాటు రగులుతున్న రోజుల కథ. అందులో సగం భాగం అమర్ అనే మొరాకో కుర్రాడి కళ్ళతోనే నడుస్తుంది. ఆ తర్వాత 1959లో టేపు మెషీను వేసుకుని మొరాకో ఊళ్ళు తిరిగి అక్కడి పాటలు రికార్డు చేసి, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చాడు. ఇంకా తర్వాత, చదువురాని మహమ్మద్ మ్రాబెత్ మొఘ్రెబీలో కథలు చెబుతుంటే టేపు మీద ఎక్కించి ఇంగ్లీషు చేశాడు. మొరాకో రచయిత మహమ్మద్ షుక్రీ ఆత్మకథ ఇంగ్లీషులో 1973లో వచ్చింది బౌల్స్ చేతి మీదుగానే. ఆ షుక్రీయే తర్వాత బౌల్స్‌ని గట్టిగా విమర్శిస్తూ పుస్తకం రాశాడు. ఇన్నేళ్ళు మా మధ్య ఉండి మమ్మల్ని ఏపాటి ప్రేమించావు అన్నది ఆ బాధ. యాభై ఏళ్ళు ఉన్నా ఆ ప్రశ్న తప్పలేదు చూడండి.

---

టీచర్, గుణుపురం:

అన్నయ్యా, నమస్తే. మాస్టారి మాట కాదంటున్నందుకు ఆయన నన్ను మన్నించాలి. నేను ‘ఆయన’ వైపు.

మా పుట్టిల్లు పార్వతీపురం. పెళ్ళయి గుణుపురం వచ్చేదాకా నాకు ఒడియాలో ఒక్క ముక్క రాదు. వచ్చిన మొదటి ఏడాది, పక్కింటి పెద్దావిడ ముగ్గులు చూడటానికి వచ్చారు. నేను మర్యాదగా పలకరిద్దామని నోరు తెరిచి ‘తుమే’ అన్నాను. ‘ఆపణ’ అనాలి. ఒడియాలో ‘తు’, ‘తుమే’, ‘ఆపణ’ అని మూడు మెట్లున్నాయి. మన ‘నువ్వు’, ‘మీరు’ లెక్కతో వాటిని కొలిస్తే ఎక్కడో ఒకచోట తప్పుతాం. ఆవిడ ఏమీ అనలేదు. నవ్వు మాత్రం ఆగిపోయింది. కాసేపు కూర్చుని వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. తర్వాత మూడు నెలలు ఆవిడ ఎదురుపడితే తల ఊపేదాన్ని తప్ప నోరు విప్పలేదు. ఒక్క మాట పొరపాటు పడితే మనిషి ఎంత దూరమవుతారో నాకు అలా తెలిసింది.

అందుకే చెప్తున్నాను. తెలుగులో ప్రొఫెసర్‌ని ఎవరూ ‘అతను’ అనరు. మనం మాట్లాడుకునేటప్పుడు ‘ప్రొఫెసర్‌గారు వచ్చారు’ అంటాం. బస్సు దిగినప్పుడు ఆ గౌరవం ఉండాలి. డబ్బాలు కట్టి గంతులు వేయించినప్పుడు కూడా ‘ఆయన గంతులు వేశారు’ అనే ఉండాలి. ఆ ‘వేశారు’ దగ్గర చదివేవాళ్ళకి గొంతు పట్టేయాలి. ‘అతను గంతులు వేశాడు’ అంటే ఏదో ఆట చూసినట్టుంటుంది. తెగవాళ్ళు తీసేసుకున్న గౌరవాన్ని కనీసం కథ చెప్పేవాళ్ళైనా తీయకూడదు కదా.

ఇంకొకటి చెప్పాలి. నేను బౌల్స్ నవల ‘ది షెల్టరింగ్ స్కై’ చదివాను, 1949లో వచ్చింది. పోర్ట్, కిట్ అనే అమెరికన్ దంపతులు సహారాలోకి పోతూ పోతూ ఉంటారు. పోర్ట్‌కి టైఫాయిడ్ వస్తుంది. ఎక్కడో ఎడారిలో ఫ్రెంచివాళ్ళ కోటలో, నేల మీద పరుపేసి, కిట్ ఒక్కతే కూర్చుని చూస్తూ ఉంటుంది. ఆ పేజీలు నేను ఎప్పటికీ మర్చిపోలేను. మా మామగారికి జ్వరం ఎక్కువైనప్పుడు నాకు ఒడియా సరిగ్గా రాక, నర్సు ఏం చెప్తోందో తెలియక, మంచం పక్కన అలాగే కూర్చున్నాను. అయితే పోర్ట్ చనిపోయాక కిట్‌ని ఆ బిడారువాళ్ళ చేతుల్లో పెట్టి రాసినదంతా నాకు నచ్చలేదు. ఒక ఆడమనిషి మీద జరిగిన బలవంతాన్ని, ఆవిడకే అది కావాలన్నట్టు రాశాడు. ఆ ఎడారి మనుషులకీ అన్యాయమే చేశాడు, ఒక్కరికీ మనసులో ఏముందో చెప్పలేదు. గొప్ప రచయితే, కాదనను. ఇది మాత్రం తప్పే.

---

ప్రాణహిత ఒడ్డు, సిరొంచ:

అన్నా, మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. నది దాటితే కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. వంతెన పడక ముందు పడవ దాటి చుట్టాలింటికి పోయేవాళ్ళం. అక్కడ మమ్మల్ని ‘మహారాష్ట్రోళ్ళు’ అనేవారు, ఇవతల ‘తెలుగోళ్ళు’ అనేవారు.

టీచరమ్మగారు చెప్పిన నవలలో నన్ను పట్టుకున్నది పాస్‌పోర్టు. పోర్ట్ పాస్‌పోర్టు ఎవరో కొట్టేస్తారు. దాంతో తను సగం మనిషినై పోయినట్టు అతనికి అనిపిస్తుంది. పర్యాటకుడు వేరు, యాత్రికుడు వేరు, నేను యాత్రికుణ్ణి అని అంతకుముందు గొప్పగా అనుకున్న మనిషి. పర్యాటకుడు కొన్ని వారాలకే ఇంటి దారి పడతాడు, యాత్రికుడు ఏ ఊరివాడూ కాకుండా ఏళ్ళ తరబడి మెల్లగా కదులుతుంటాడు అని అతని లెక్క. కాగితం పోయేసరికి ఆ లెక్క కుదేలైంది.

నాకు ఆ సంగతి బాగా తెలుసు. మరాఠీ పద్ధతిలో ముందు మన పేరు, మధ్యలో నాన్న పేరు, చివర ఇంటిపేరు. బడి రికార్డులో నా పేరు అలా ఉంది. నాన్న పాత కాగితాల్లో తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందుంది. ఒక సర్టిఫికెట్ కోసం వెళ్తే, ఈ తండ్రీ ఈ కొడుకూ ఒకే ఇంటివాళ్ళని రుజువేంటి అన్నారు. పధ్నాలుగు నెలలు తిరిగాను. అఫిడవిట్లు, పంచనామా, తాత పేరు మీద ఉన్న పాత భూమి కాగితం. మా ఇల్లు మాత్రం ఎక్కడికీ కదల్లేదు. పోర్ట్ వేల మైళ్ళు పోయి పోగొట్టుకున్నది మాకు గుమ్మంలోనే పోయింది. బౌల్స్ మనుషులందరూ కావాలని వెళ్ళినవాళ్ళు. కదలకుండానే పరాయివాళ్ళయిన మనుషుల కథ ఆయన రాయలేదు. అది మనమే రాసుకోవాలి.

మీ ప్రశ్నకి ఒక ఉపాయం చెబుదామని అసలు ‘ఆయన’, ‘అతను’ రెండూ తీసేసి రాసి చూశాను. తెలుగులో కర్త లేకుండా వాక్యం నడుస్తుంది కదా అని. కానీ క్రియ పట్టిచ్చేస్తుంది. ‘వెళ్ళారు’ అనాలి, లేదంటే ‘వెళ్ళాడు’ అనాలి. మూడో దారి లేదు. ‘వెళ్ళడం జరిగింది’ అని రాస్తే అది పంచనామా అవుతుంది.

ఒకటి అడగాలని ఉంది. ఆ అనాసపళ్ళ రోజు తర్వాత మళ్ళీ ఎప్పుడైనా సవరలో మాట్లాడారా?

---

మందులషాపు, పర్లాకిమిడి:

ముగ్గురికీ చాలా కృతజ్ఞతలు. మూడు రోజులు ఇదే ఆలోచన.

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నకి జవాబు. మాట్లాడాను, ఒక్కసారి. వానాకాలంలో ఒక సవర ఆవిడ మనవణ్ణి ఎత్తుకుని వచ్చింది. ఆశా కార్యకర్త వేలి నుంచి రక్తం తీసి కిట్టు మీద చూస్తే మలేరియా అని తేలిందట, చీటీ పట్టుకుని వచ్చింది. బిళ్ళలు ఎప్పుడెప్పుడు వేయాలో ఒడియాలో చెప్పాను. సరిగ్గా అందినట్టు అనిపించలేదు. పిల్లాడి ప్రాణం సంగతి కాబట్టి సిగ్గు పక్కన పెట్టి సవరలో చెప్పాను. సవరలో కొన్ని మాటల చివర గొంతులో చటుక్కున గాలి ఆపేయాలి. గిడుగు వారు పుస్తకంలో దానికి గుర్తు కూడా పెట్టారు. నేను దాన్ని సాగదీశానట. ఆవిడ తన గొంతు మీద వేలు పెట్టుకుని ఆ మాట మళ్ళీ చెప్పింది. నేను చెప్పాను. కాదంది. మూడోసారికి సరే అంది. పిల్లాడికి జ్వరం, వీధిలో వాన, మేమిద్దరం ఒక మాట దగ్గర నిలబడ్డాం. తర్వాత బిళ్ళలు ఎలా వేయాలో ఆవిడే తిరిగి నాకు చెప్పి, సరిగ్గా చెప్పానా అన్నట్టు చూసింది. సరిగ్గానే చెప్పింది.

మాస్టారూ, మీరు అడిగిన ప్రశ్న రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. మా తాత ఆ వ్యాపారమే చేసేవారు. చింతపండు, పసుపు, అడ్డాకులు. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు మా కుటుంబం ఉన్న ఇంట్లోనే ఉంది, రాష్ట్రం మారింది. గిడుగు వారు ఆ రోజు ఉదయాన్నే ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారని, తమ వీధి మీదుగానే వెళ్ళారని మా తాత చెప్పేవారు. సొంత ఊళ్ళో పరాయివాళ్ళమైపోయామని మా ఇంట్లో తరచూ వినిపించే మాట. నేను ఆ మాట వింటూనే పెరిగాను. బౌల్స్ కథలో నన్ను నేను వెతుక్కున్నది కూడా ఆ బాధతోనే.

నిన్న అటక మీద నుంచి తాత చిట్టా పుస్తకం దించాను. పొడుగు పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట, లోపల నల్ల సిరా. ఊళ్ళోవాళ్ళ ఖాతాలన్నీ పేర్లతో ఉన్నాయి, పక్కన ‘గారు’ కూడా ఉంది. కొండ ఖాతాలు చివరి పేజీల్లో ఉన్నాయి. ఒక్క పేరు లేదు. ‘సవరవాడు, చింతపండు’. ‘ముసలి సవరవాడు, బాకీ’. ‘అదే సవరవాడి కొడుకు’. ఇరవై రెండు పేజీలు అలాగే ఉన్నాయి. ఆ చేతిరాత నాకు ఎంతో ఇష్టమైనది, నా అక్షరాభ్యాసానికి పలక మీద రాసిచ్చిన చేతిరాత.

పుస్తకం మూసి నా చిత్తుప్రతి తీశాను. అప్పుడు కనబడింది. ఇన్ని రోజులూ ప్రొఫెసర్‌ని ఏమనాలా అని మీ అందర్నీ అడుగుతూ ఉన్నాను. హోటలు మనిషిని ఏమన్నానో చూసుకోనే లేదు. మొదటి వాక్యం నుంచి ‘వాడు’. వాడు ఫ్రెంచిలో అన్నాడు. వాడు లాంతరు తీసుకోలేదు. బస్సు డ్రైవరు ‘వాడు’. ప్రొఫెసర్‌ని చివర్లో కొనుక్కునే మనిషి కూడా ‘వాడే’. తుపాకీ పేల్చిన ఫ్రెంచి సిపాయికి మాత్రం ‘అతను’ వాడాను. ఇవేవీ నేను ఆలోచించి రాసినవి కాదు, చెయ్యి దానంతటదే రాసుకుపోయింది. బౌల్స్ వీళ్ళందరికీ ఒకే ‘హీ’ ఇచ్చాడు.

అందుకని మాస్టారి మాట ప్రకారమే వెళ్తున్నాను, కారణం మాత్రం ఇంకొకటి కూడా తోడైంది. ప్రొఫెసర్ ‘అతను’, డ్రైవరు ‘అతను’, హోటలు మనిషి ‘అతను’, సిపాయి ‘అతను’. ఎవరికీ మెట్టు ఎక్కువా లేదు, తక్కువా లేదు. చెల్లెమ్మా, నీ మాట కూడా నా మనసులో నాటుకుంది. అందరికీ ‘ఆయన’ పెట్టి కూడా ఒక పేజీ రాసి చూశాను. నాలుక కోసే దగ్గర ‘ఆయన కత్తి తీశారు’ అని వచ్చేసరికి వాక్యం నిలబడలేదు. కానీ ‘ప్రొఫెసర్’ అన్న మాట మాత్రం నువ్వన్నట్టు చివరిదాకా వదలను. ఎడారిలోకి పరిగెత్తే చోట కూడా ‘ప్రొఫెసర్ పరిగెత్తాడు’ అనే ఉంటుంది. మూలంలోనూ అదే ఉంది. ఫ్రెంచిని ఫ్రెంచిగానే ఉంచాను.

కిట్ గురించి నువ్వు రాసినది మా ఆవిడకి చదివి వినిపించాను. ఆ అమ్మాయి సరిగ్గా చెప్పింది అంది. పోర్ట్ టైఫాయిడ్ గురించి ఒక్క మాట, మా వృత్తి మాట. క్లోరాంఫెనికాల్ టైఫాయిడ్ మీద పనిచేస్తుందని 1948లో తేలింది. నవల వచ్చింది 1949లో. ఆ ఎడారి కోటలో ఆ బిళ్ళలు ఉండి ఉంటే అని చదువుతున్నంతసేపూ అనుకుంటూనే ఉన్నాను.

హోటలు మనిషికి ‘వాడు’ పదకొండు చోట్ల ఉంది. తొమ్మిది మార్చాను. మిగతా రెండు చోట్ల మాట ఒక్కటీ మారిస్తే చాలదు, వాక్యం మొత్తం తిరగరాయాలి. ఈ రాత్రి షాపు కట్టేశాక కూర్చుంటాను.